బడి వాకిట్లో ఇంగ్లీషు బొడ్రాయి

ఇన్‌స్పెక్షన్ నాడే నా పాఠం కరిగి బురదైంది. తప్పు నాదే, వినండి.

సిద్దిపేటలో మా ఆడపిల్లల బడికి ఐదో తరగతి మంజూరు కావాలి. కాకుంటే నాలుగు పాసైన పిల్లలంతా ఇక ఇంట్లోనే. ఇన్‌స్పెక్టరమ్మ వస్తోందని కబురు వచ్చింది, అదీ రెండు రోజుల ముందు! ఇంగ్లీషు రీడర్‌లో ఇంగ్లండులోని ఒక పాత ఊరి సంత పాఠం నడుస్తోంది. నడుమ రాతి స్తంభం, చుట్టూ మెట్లు, కొసన శిలువ, మెట్ల మీద వెన్న అమ్మే ఆడవాళ్లు. బొమ్మ చూపినా పిల్లలకు ఎక్కలేదు. నాకా, ఓపిక తక్కువ.

"ఏముందే, ఊరి నడుమ పాతుతారు చూడు, అచ్చం మన బొడ్రాయి లాంటిదే!" అనేశాను. అన్ని తలలూ ఊగాయి.

అంతటితో ఆగానా? కుమ్మరి మల్లయ్యను పిలిచి, బడి వాకిట్లో ఆ స్తంభానికి నడుమెత్తు మట్టి నమూనా పెట్టమన్నాను.

"కాల్చకుంటె నిలువది పంతులమ్మా. నాలుగు దినాలు పడ్తది."

"నాలుగు దినాలెక్కడివి? పచ్చిదే పెట్టు."

ఇన్‌స్పెక్షన్ పొద్దున బడికి వెళ్తే వాకిలి నిండా ఆడవాళ్లు! నెత్తిన బిందెలు, చేతుల్లో పసుపు. అందరికన్నా ముందు నాలుగో తరగతి సత్తెమ్మ తల్లి రాజవ్వ.

"ఏంది రాజవ్వా ఇది?"

"బడిల కొత్త బొడ్రాయి పెట్టిన్రట గద, పిల్ల చెప్పింది. ఊరి దేవతకు నీళ్లు పొయ్యకుంటె ఎట్ల? ఒక్క మాటన్న చెప్పకపోతివి పంతులమ్మా!"

"అయ్యో, ఆగండి! అది ఇంగ్లండుది!"

"ఏ దేశందైతేంది? మన ఊళ్లె పెట్టినంక మనదే" అని రాజవ్వ బిందె వంచింది. వెనకే ఇరవై బిందెలు. శిలువ జారింది, స్తంభం కుంగింది, మెట్లు నా చెప్పుల మీదికి పారాయి.

"గిదేం బొడ్రాయే, నీళ్లకే ఆగకపాయె!" అని ఎవరో నిష్ఠూరమాడారు.

సరిగ్గా అప్పుడే టాంగా ఆగింది. ఇన్‌స్పెక్టరమ్మ కుచ్చెళ్లు ఎత్తి పట్టుకొని బురద దాటింది. తరగతిలో రీడర్ తెరిచి సత్తెమ్మనే లేపింది.

"సంతలో ఆ స్తంభం దేనికి?"

"దాని మెట్ల మీద కూసోని ఆడోళ్లు వెన్న, గుడ్లు అమ్ముకుంటరు మేడం."

"ఎట్లుంటుంది?"

"పొద్దుగాల దాక బయటనే ఉండె మేడం. మా అవ్వ కరగపోసింది."

ఇన్‌స్పెక్టరమ్మ రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. ఐదో తరగతి మంజూరైంది. రిపోర్టులో నా గురించి ఒకే వాక్యం: పాఠం పిల్లలకు బాగా వచ్చింది, పంతులమ్మకు ఊరు ఇంకా రావాలి.

'అచ్చం మన ఫలానా లాంటిదే' అనే మాట ఆ రోజే మానేశాను. మొన్న సత్తెమ్మ లేచి, "థేమ్స్ నది మన మంజీర లెక్కనేనా పంతులమ్మా?" అంది.

"కాదు. కూర్చో" అన్నాను.