సంఘ ప్రార్థనలో రేడియేషన్ పెట్టె

హిందూపురం దగ్గర ఇనుప పైపుల అతుకులు పరీక్షించే ఒక కంపెనీలో కాపలా ఉద్యోగం చేసేవాణ్ణి. కాయవలసింది ఒక పెట్టెను. అందులో అతుకులను ఎక్స్‌రేలా ఫొటో తీయడానికి వాడే బియ్యపు గింజంత అణుధార్మిక పదార్థం ఉండేది.

"ఇది ఉగ్రవాదుల చేతిలో పడితే బాంబులో కలిపి ఊరే ఖాళీ చేయిస్తారప్పా. యాడ పెట్టినామో పెండ్లానికి కూడా చెప్పొద్దు. బయటికి పొక్కితే నీ ఉద్యోగం పోతాది" అన్నాడు ఆఫీసరు.

చెప్పలేదు. కానీ ఒకరోజు క్యారియర్ తెచ్చిన మా ఆవిడ, నేను కూర్చున్న గదిలో పెట్టెనూ, తలుపు మీద గుర్తునూ చూసింది. ధర్మవరం ఆస్పత్రిలో ఎక్స్‌రే గదికి ఉండే గుర్తే అది. మిగతాది, ఉగ్రవాదులతో సహా, ఊహించుకుంది.

మా పెనుకొండ చర్చి సంఘంలో ప్రార్థన విన్నపం వివరంగా చెప్పాలి. బర్రె తప్పిపోతే ఏ కొమ్ము వంకరో కూడా చెప్పాలి. ఆదివారం మా ఆవిడ లేచి నిలబడింది.

"మా ఆయన రేడియేషన్ పెట్టెకు కాపలా ఉండాడు. షెడ్డు ఎనక, పచ్చ తలుపు గది. మధ్యాహ్నం రెండో కాపలా ఆయన అన్నానికి పోతే ఈయనొక్కడే. తిన్నాక ఈయనకు కునుకు. ఉగ్రవాదుల కండ్లు పడకుండా ప్రార్థించండి."

పాస్టరయ్య కళ్లు మూసుకుని మైకు అందుకున్నాడు. "ప్రభువా! షెడ్డు వెనక! పచ్చ తలుపు!" మందిరం మీది హారన్ స్పీకరు బస్టాండు వైపే తిరిగి ఉంటుంది. మడకశిర బస్సుకు నిలబడ్డవాళ్లంతా విన్నారు. ముగించాలని నేను "ఆమేన్!" అని అరిచాను. నా మీదికి పరిశుద్ధాత్మ దిగిందనుకుని ఆయన ఇంకా గొంతు పెంచాడు. "ఆ కునుకును గద్దిస్తున్నాను!"

బయటికి రాగానే ఒక అవ్వ ఆపింది. "ఏమబ్బా, గొళ్లెమన్నా గట్టిగుండాదా?"

సోమవారం నేనే పోయి ఆఫీసరుకు అంతా చెప్పేశాను. ఆయన తల పట్టుకున్నాడు. సాయంత్రానికల్లా పెట్టెను మరో చోటికి తరలించారు. ఎక్కడికో నేను అడగలేదు.

"మరి నేను సార్?"

"ఈడనే కూర్చో. పెనుకొండంతా పెట్టె ఈడుండాదనే అనుకుంటాంది. నువ్వు లేస్తే అనుమానం వస్తాది."

అలా ఖాళీ గదికి కాపలా మొదలుపెట్టాను. ఉద్యోగం నిలబడినందుకు మోకాళ్లూని స్తోత్రం చెల్లించాను. ఆ శనివారం మా ఆవిడ అడిగింది. "రేపు మళ్లీ విన్నపం పెట్టాల్నా?"

"పెట్టు" అన్నాను. "ఈతూరి మైకు దగ్గరికే పోయి చెప్పు."