గాజు తొట్టి అడుగున పూసిన నలుపు

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేక, జుట్టు నెరిసేదాకా గుండెల మీద బండలా మోసిన మాట ఇది. చదివితే మీకు నవ్వు రావచ్చు. చేపలు చచ్చిపోయిన సంగతి. అంతేనా అంటారు. అంతే అయితే ఎంత బాగుండేది!

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. కర్నూలు రాజధాని. మా మార్కాపురం కూడా అప్పుడు కర్నూలు జిల్లాలోదే. మాది పలకల వ్యాపారం. ఇంటి వెనకే కార్ఖానా. గని నుంచి వచ్చిన రాయిని చీల్చి, అరగదీసి, రాసే ముఖానికి నల్లరంగు పూసి, ఎండబెట్టి చెక్క చట్రం బిగించేవాళ్లం. బేరాలు అన్నయ్య చూసుకునేవాడు, పని నేను చూసుకునేవాణ్ణి. ఇంట్లో ఎప్పుడూ వార్నిష్ వాసనే కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు.

వదినకు పిల్లలు కలగలేదు. మద్రాసులో ఉద్యోగం చేసే ఆమె తమ్ముడు ఒకసారి ఇనప చట్రం బిగించిన గాజు తొట్టినీ, మూత డబ్బాలో నీళ్లు పోసి కొన్ని బంగారు చేపల్నీ రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ఆ రోజు వదిన ముఖం చూడాలి! ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టింది. మెతుకులు నలిపి వేస్తూ వాటితో కబుర్లు చెప్పేది.

కానీ అవి బెదిరేవి. తొట్టిని రెండు బల్లల మీద ఆనించి పెట్టాం. కింద నుంచి వెలుతురు కొట్టేది, అడుగు గాజులో వాటి నీడలే వాటికి కనిపించేవి. మూలకు చేరి కదిలేవి కావు. తమ్ముడు వెళ్లేముందు ఉపాయం చెప్పాడు. అడుగు నల్లగా ఉంటే నిమ్మళిస్తాయట. తొట్టి కింద, బయటి వైపు నల్లకాగితం అంటిస్తే చాలట. లోపలే వేయాలంటే రంగు తగలని పలకరాయిని బాగా కడిగి పరచాలట. కాగితం ఎందుకు, మనింట్లో రాయికి కరువా అని వదిన ఆ పని నాకు అప్పగించి, చేపల్ని బిందెలోకి మార్చింది.

రాయి తెచ్చాను. అంచులు గరుకు. గాజు పగిలితే? పైగా ఉత్త రాయి బూడిద రంగులో ఉంటుంది, నిగనిగలాడదు. పలకల ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకు నలుపు గురించి మద్రాసు వాడు చెప్పాలా అని లోపల ఒక పొగరు. రాయిని పక్కన పడేసి రంగు డబ్బా తెచ్చాను. తొట్టి అడుగుకు లోపలి వైపు పూశాను. బయటి వైపు పూయొచ్చన్న ఆలోచనే రాలేదు. పలకకు రంగు పూసేది పైకి కనిపించే ముఖానికే కదా. వెనక వైపు పూసేవాణ్ణి మా కార్ఖానాలో పిచ్చివాడంటారు. ఎండలో పెట్టాను. ముట్టుకుంటే వేలికి అంటలేదు. పలకకైతే అంతే చాలు.

పైనుంచి చూస్తే అచ్చం రాయి పరిచినట్టే ఉంది. వదిన నీళ్లు పోసి చేపల్ని వదిలింది. హాయిగా తిరిగాయి. మా మరిది చేతి పని అని వీధిలో వాళ్లందర్నీ పిలిచి మరీ చూపించింది. నేను మురిసిపోయాను.

మరునాడు పొద్దున అందరికంటే ముందు లేచింది నేనే. అన్నీ వెల్లకిలా తేలుతున్నాయి. నీటి మీద సన్నగా నూనె తెట్టు. చూడగానే తెలిసిపోయింది. అప్పుడు నేనేం చేశానో తెలుసా? తొట్టిని కార్ఖానాలోకి మోసుకెళ్లి, నీళ్లు పారబోసి, రంగంతా గీకి, కిరసనాయిలుతో తుడిచి, పక్కన పడేసిన ఆ రాయినే తెచ్చి అడుగున పరిచాను. తొట్టిని మళ్లీ బల్లల మీద పెట్టి, కొత్త నీళ్లు పోసి, చచ్చిన చేపల్ని అందులోనే వేశాను. ఆ తర్వాతే వదినను పిలిచాను.

అమ్మ వచ్చి చూసింది. కోడలి ముఖం కూడా చూడకుండా అనేసింది. "బిడ్డల్లేని చెయ్యి. ఆ చేత్తో ఏం సాకినా ఇంతే."

వదిన ఏడవలేదు. కాసేపటికి బావి దగ్గరున్న నా దగ్గరికి వచ్చింది.

"అబ్బయ్యా, నువ్వు అడుగున పరిచింది ఉత్త రాయే గదా? రంగు గింగు ఏమీ తగల్లేదు గదా?"

"ఏంది వదినా, నా మీద అనుమానమా? గని నుంచి తెచ్చిన పచ్చిరాయి. నేనే కడిగినా."

"లేదులే నాయనా. నిన్ను అనుమానిస్తానా? అత్త చెప్పిందే నిజం. నా చెయ్యే మంచిది కాదు."

ఆ క్షణంలో నోరు తెరిచి ఉంటే సరిపోయేది. ఎందుకు తెరవలేదు? అన్నయ్య తిడతాడనా? ఆయన రెండు మాటలు అని ఊరుకునేవాడు. కాదు. పనిమంతుడన్న పేరు పోతుందని. పలకల ఇంటివాడికి రంగు ఏ వైపు పూయాలో తెలియలేదని నలుగురూ నవ్వుతారని. ఛీ! ఆ పాటి పేరు కోసం ఒక మనిషిని తన చేతుల్నే చూసుకుని భయపడేలా చేశాను.

తర్వాత నాకు పెళ్లయింది. గిద్దలూరులో పుట్టింటి దగ్గర పురుడు పోసుకుని నా భార్య బిడ్డతో వచ్చిన రోజు, వదిన గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ పిల్లవాడికి చొక్కాలన్నీ కుట్టింది ఆమే. ఎత్తుకోమని నా భార్య బిడ్డను చాపితే చేతులు వెనక్కి పెట్టుకుంది. చూస్తాలే, చాలు అంది. కడుపుమంట అని నా భార్య గదిలో నాతో అంది. నేను దానికీ మాట్లాడలేదు. మావాడు పెద్దమ్మా పెద్దమ్మా అని కొంగు పట్టుకుని తిరిగేవాడు. అన్నం కలిపి పళ్లెం ముందు పెట్టేది గానీ ముద్ద నోట పెట్టలేదు. వాడికి జ్వరం వస్తే గడప అవతల కూర్చుని చూసేది. నుదురు తాకలేదు. చెప్పెయ్ రా అని ఎన్నిసార్లు అనుకున్నానో! ఇన్నేళ్లు ఎందుకు దాచావని అడిగితే ఏం చెప్పాలి? ఆలస్యమైన కొద్దీ నోరు మరీ బిగుసుకుపోయింది.

వదిన పోయింది. ఆఖరి రోజుల్లో నా మనవరాలిని మంచం దగ్గరికి తీసుకెళ్లారు. ఆమె చేతుల్ని దుప్పటి కిందికి లాక్కుంది. ఆ పక్కనే ఉన్నాను నేను. అప్పుడూ చెప్పలేదు.

అదే రంగు, అదే గాజు. అవతలి వైపు పూసి ఉంటే నీటికి తగిలేదే కాదు. పోనీ, పూసింది తెలియక. దాచింది మాత్రం తెలిసే. మీరు క్షమించాలని రాయడం లేదు. క్షమించాల్సిన మనిషి మీరు కాదు. బావి దగ్గర అనాల్సిన మాట ఒకటి మిగిలిపోయింది, దాన్ని ఇక్కడైనా అననివ్వండి.

వదినా, నీ చెయ్యి కాదు. నా చెయ్యి.