తుప్పు జీపులో నా చేతిరాత

జీపు మా ఇంటి ముందు ఆగి ఉందని చెప్పడం కన్నా పాతుకుపోయిందని చెప్పడమే సబబు. మా ఆయనకు పక్షవాతం వచ్చిన రోజు నుంచి అది కదల్లేదు. టైర్లలో గాలి పోయింది. పైన కప్పిన పట్ట నంద్యాల ఎండకు పేలికలైంది. పాత ఇనుము కొనే బండి వీధిలోకి వచ్చినప్పుడల్లా నాకు ప్రాణం అటే లాగేది. అది కనిపెట్టి, వరండాలో కూర్చున్న ఆయన ఎడమ చేత్తో కుర్చీని దబదబా బాదేవాడు. మాట పడిపోయింది గానీ కోపం ఎక్కడికీ పోలేదు.

ఆళ్ళగడ్డకూ చాగలమర్రికీ మధ్య ఆయన సర్వీసు తోలిన జీపు అది. బస్సు కంటే ముందు స్టాపులో ఉండాలని, మనుషుల్ని పక్కల మీద వేలాడదీసుకుని, దుమ్ము లేపుకుంటూ పోయేవాడు. పెళ్ళయిన కొత్తలో నేను పొద్దుగూకితే గడపలో నిలబడి ఆ దుమ్ము కోసమే చూసేదాన్ని. పొద్దున పోయేటప్పుడు "నిదానంగా రా" అనేదాన్ని. ఆయన వెనక్కి కూడా తిరక్కుండా "వస్తాలే పో" అనేవాడు. చెప్పీ చెప్పీ విసుగొచ్చి, చర్చి గేటుకు వేయగా మిగిలిన తెల్లరంగు తెచ్చి, స్టీరింగు ఎదురుగా డ్యాష్‌బోర్డు రేకు మీద నేననే ఆ రెండు మాటలే రాసి పెట్టాను. "రండి" అని మర్యాదగా రాద్దామనుకున్నాను, చోటు చాల్లేదు. టీచరుద్యోగం అప్పుడే వచ్చింది కాబట్టి, అక్షరాలు మాత్రం నల్లబల్ల మీద రాసినంత గుండ్రంగా రాశాను.

పక్షవాతం తర్వాత మాట కోసం నేను పడని పాట్లు లేవు. డాక్టరు చదివించమన్నాడు. ఒకటో తరగతి పుస్తకం తెచ్చాను, పక్కకు నెట్టేశాడు. పలక తెచ్చాను, విసిరేశాడు. ఎంతమంది పిల్లలకు అ ఆలు దిద్దించానో, ఇంట్లో ఈ ఒక్క మనిషి దగ్గర ఓడిపోయాను. అలసిపోయాను కూడా. బడి, వంట, ఆయన స్నానం, మాత్రలు, మళ్ళీ బడి. ప్రార్థన చేద్దామని మోకాళ్ళ మీద కూర్చుని అక్కడే మంచానికి తల ఆనించి నిద్రపోయేదాన్ని. దేవుడికి తెలుసులే అనుకునేదాన్ని.

ఆయన చదవబోయింది ఒక్క ఆ డ్యాష్‌బోర్డునే. సాయంత్రం పట్టుకుని తీసుకుపోయి డ్రైవరు సీట్లో కూర్చోబెడితే, కళ్ళు ఆ తెల్ల అక్షరాల మీద నిలిపి పెదాలు కదిలించేవాడు. శబ్దం రాదు. కానీ పెదాలు 'ని' దగ్గర మొదలయ్యేవి. అది చూశాక నేను జీపు అమ్మే మాట ఎత్తలేదు. ఆ మనిషి నోట్లో ఇంకా మాట మిగిలి ఉందని చెప్పడానికి నా దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే.

అయితే తుప్పు ఆగదు కదా. కింద రేకు తినేసింది. ఒకరోజు ఆయన కాలు రేకులో దిగబడి మడమ దగ్గర చీరుకుపోయింది. సూది వేయించి తెచ్చాను. డ్యాష్‌బోర్డు అంచు నుంచి కూడా తుప్పు పాకి 'రా' దాకా వచ్చేసింది. జీపును షెడ్డుకు లాక్కుపోదామంటే ఆయన ఒప్పుకోడు. ఇంటి దగ్గరే తుప్పు రాలిపోయేలా ఇసుక కొట్టించి, రేకు అతికించి, రంగు వేయించాలి. ఎవర్ని పిలవాలా అనుకుంటే ఆళ్ళగడ్డలో రాళ్ళ మీద అక్షరాలు కోసే మనిషి గుర్తుకొచ్చాడు. మా అత్తమ్మ సమాధి రాయి అతనే చేసిచ్చాడు. రాయికి రబ్బరు షీటు అతికించి, అక్షరాల మేరకు బ్లేడుతో కోసి తీసేసి, కంప్రెసరు గాలితో ఇసుక కొడతాడు. రబ్బరున్న చోట రాయికి ఏమీ కాదు, లేనిచోట అక్షరం గుంటగా దిగిపోతుంది.

ఒంటిపూట బడుల కాలం. కంప్రెసరు బండి పొద్దున్నే వచ్చింది. ముందురోజే జల్లించి మా మేడ మీద ఆరబోసిన ఇసుక దించుకున్నారు. నేను బస్సుకు పరిగెత్తుతూ ఆ మనిషిని డ్యాష్‌బోర్డు దగ్గరికి తీసుకుపోయి చూపించాను.

"ఈ అక్షరాలు జాగ్రత్తప్పా. రబ్బరు అతికించు."

"నాకు కొత్తనా టీచరమ్మా? అక్షరాలే కదా నా పని. నువ్వు బడికి పో."

మా ఆయన కూడా కుర్చీలోంచి లేవబోతూ, ఎడమ వేలితో గాల్లో ఆ అక్షరాలు దిద్ది దిద్ది చూపించాడు. ఆ మనిషి తల ఊపాడు. నేను నమ్మి పోయాను.

మధ్యాహ్నం వచ్చేసరికి వీధంతా ఇసుక పొగ. పక్కింటామె తీగ మీది బట్టలన్నీ మళ్ళీ ఉతుకుతూ నా వైపు చూడలేదు. మా వంటింట్లో బియ్యం డబ్బా మూత మీద కూడా ఇసుకే. జీపు మాత్రం కడిగిన గిన్నెలా తేలింది. తలుపులు, అడుగు రేకు, బానెట్టు అన్నీ బూడిదరంగు ఇనుము. ఆ మనిషి మొహానికి చుట్టుకున్న తుండు విప్పి నన్ను పిలిచాడు.

"నీ రాత బలే ఉండాది టీచరమ్మా. నా చేతి వాలు ఏమీ కలపలే. అట్లే కోసినా."

నేను లోపలికి తొంగి చూశాను. డ్యాష్‌బోర్డు మీద పాత రంగూ, పాత తుప్పూ అంతా పదిలంగా ఉన్నాయి. నా తెల్ల అక్షరాలు లేవు. సమాధి రాయికి చేసినట్టే, రబ్బరు అతికించి, అక్షరాలు కోసి తీసి, సరిగ్గా వాటి మీదే ఇసుక కొట్టాడు. తెల్లరంగు పోయి, వాటి చోట రేకులోకి దిగిన ఉత్త గుంటలు మిగిలాయి.

"ఏందప్పా ఇది! ఉంచమంటే తీసేస్తివే!"

అతను వంగి మళ్ళీ డ్యాష్‌బోర్డు చూశాడు. "అక్షరాల మీద రబ్బరు ఏస్తే మేం చేసేది ఇదే కదమ్మా. అన్న కూడా ఏలితో దిద్ది చూపిచ్చె..."

అరిచాను. రోడ్డు మీద పోయేవాళ్ళు నిలబడేలా అరిచాను. తర్వాత ఓపిక అయిపోయి, జీపు మెట్టు మీద ఇసుకలోనే కూర్చున్నాను. ఎవర్ని తిట్టి ఏం లాభం? మిగిలిన ఒక్క ఆశనూ నేనే మనిషిని పిలిపించి గీకించేసుకున్నాను అనిపించింది. అతను సామాన్లు సర్దుకుంటూ, పోయేటప్పుడు మెల్లగా అన్నాడు, "నూనె పుయ్యమ్మా, లేకుంటే తెల్లారేలోపల తుప్పు పడ్తాది."

సాయంత్రం ఆయన్ను జీపు దగ్గరికి తీసుకుపోవడానికి నాకు కాళ్ళు రాలేదు. ఆయన ఊరుకోడు. కుర్చీ బాదుతూనే ఉన్నాడు. చివరికి తీసుకుపోయి కూర్చోబెట్టాను. ఆయన చాలాసేపు చూశాడు. పొద్దు పడమటికి వాలి, ఎండ అద్దంలోంచి డ్యాష్‌బోర్డు మీద పడుతోంది. వేలు పెట్టి 'ని' నుంచి 'రా' దాకా తడిమాడు. పెదాలు కూడా కదల్లేదు. సరే, అదీ అయిపోయిందనుకున్నాను. పాత గుడ్డకు కొబ్బరినూనె అద్ది ఆ గుంటల్లో పూశాను. ఉన్న పనులు చాలవన్నట్టు ఇదొకటి. ఆ తర్వాత చీకటి పడేదాకా ఇల్లంతా ఇసుక ఊడుస్తూనే ఉన్నాను.

మరుసటి రోజు పొద్దున కాఫీ కూడా తాగకుండా జీపు వైపే చెయ్యి చూపించాడు. బస్సుకు టైమవుతోందని కసురుకుంటూనే తీసుకుపోయి సీట్లో కూర్చోబెట్టాను. ఆయన వేలు మళ్ళీ ఆ నూనె గుంటల్లోకే పోయి, 'ని' నుంచి దిద్దడం మొదలుపెట్టింది. పనిమనిషి వచ్చింది కాబట్టి ఆయన్ను ఆమెకు అప్పజెప్పి, సంచీ భుజానికి వేసుకుని, గేటు తీసి బయటికి అడుగు పెట్టాను.

వెనక నుంచి ఏదో గరగరమంది. కంప్రెసరు శబ్దం చెవుల్లోంచి ఇంకా పోలేదనుకున్నాను. మళ్ళీ వినిపించింది.

"ని... దా..."

గేటు పట్టుకుని నిలబడిపోయాను. తిరిగి చూస్తే ఆగిపోతుందేమోనని భయం వేసి తిరగలేదు. సందు చివర బస్సు హారను కొట్టింది. కదల్లేదు.

"నిదా...నంగా... రా."

ఏడుపు వచ్చేసింది. ఇన్నేళ్ళు గడపలో నిలబడి ఆ మాట అన్నదాన్ని నేను. ఇప్పుడు బయటికి పోతున్నది నేను, కూర్చుని ఎదురుచూసేది ఆయన. ఏం జవాబు చెప్పాలో వెతుక్కోవలసిన పని లేదు. వెనక్కి తిరక్కుండానే అన్నాను.

"వస్తాలే పో."