ఆ లైను మీద ఆగిన చూపు

2012 చివర్లో సౌదీలో నన్ను దమ్మామ్ నుంచి హుఫూఫ్‌కు బదిలీ చేశారు. హోదా సీనియర్ ఆప్టోమెట్రిస్టు, అంటే కంటి చూపును పరీక్షించే ఉద్యోగం. దానితోపాటు కంటి విభాగం సూపర్‌వైజర్ బాధ్యత కూడా ఇచ్చారు. పని ఒక ప్రైవేటు యూనివర్సిటీ ఆసుపత్రిలో. ఇకామా, అంటే అక్కడ ఉండడానికిచ్చే అనుమతి కార్డు, మాత్రం దమ్మామ్‌లోని మ్యాన్‌పవర్ కంపెనీది. ఆసుపత్రికి మా పనితో సంబంధం, కంపెనీకి మా కాగితాలతో. నర్సులు, టెక్నీషియన్లు అందరిదీ ఇదే ఏర్పాటు. కంపెనీ ఒప్పుకుంటే తప్ప మరో చోట చేరే వీలు లేదు.

ఆసుపత్రి పై అంతస్తులో యూనివర్సిటీ వాళ్లు మనిషి చూపు మీద పరిశోధనకు ఒక ల్యాబు పెట్టారు. అక్కడి ముఖ్యమైన యంత్రం ఐ ట్రాకర్. గడ్డం ఒక స్టాండు మీద ఆనించి తెర వైపు చూస్తే, కంటిపాప ఎటు కదిలిందో, ఎక్కడ ఎంతసేపు ఆగిందో అది నమోదు చేస్తుంది. చదివేటప్పుడు మన చూపు అక్షరాల వెంట నున్నగా జారిపోతుందని అనుకుంటాం. నిజానికి గెంతుతుంది. గెంతి ఒక చోట ఆగుతుంది, మళ్లీ గెంతుతుంది. ఆ గెంతును సకాడ్ అంటారు, ఆగడాన్ని ఫిక్సేషన్ అంటారు. ఆగిన చోట తెర మీద ఒక చుక్క పడుతుంది. ఎక్కువసేపు ఆగితే చుక్క పెద్దదవుతుంది. మనిషి ఏం చదివాడో, ఏం వదిలేశాడో ఆ చుక్కలు చూసి చెప్పవచ్చు. యంత్రం బాగోగులు చూసే పని అదనంగా నాకే అప్పగించారు.

మా విభాగంలో కరుణ అనే నర్సు ఉండేది. భీమవరం దగ్గరి అమ్మాయి. ఉద్యోగం చేస్తూనే దూరవిద్యలో సైకాలజీ ఎమ్మెస్సీ పూర్తి చేసింది. డ్యూటీ అయ్యాక క్వార్టర్స్‌కు పోకుండా ల్యాబుకు వచ్చేది. చుక్కలు చదవడం ఆమెకు నేనే నేర్పాను. ఆమెకొక ప్రశ్న ఉండేది. కుడి నుంచి ఎడమకు అరబిక్, ఎడమ నుంచి కుడికి ఇంగ్లీషు పక్కపక్కనే ఉన్న నోటీసును మనవాళ్లు ఎలా చదువుతారు? ఏ మూల నుంచి మొదలుపెడతారు? ముఖ్యమైన మాట వాళ్ల కంట పడుతుందా, పడదా? ల్యాబు ప్రొఫెసర్ సూడాన్ దేశస్థుడు, తక్కువ మాట్లాడే మనిషి. ఈ ప్రశ్న విన్న రోజు ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

మరుసటి ఏడాది ల్యాబుకు ఒక పీహెచ్‌డీ సీటు మంజూరైంది. ప్రొఫెసర్ కరుణనే తీసుకుంటానన్నాడు. ఒక్కటే షరతు. గడువులోగా ఆమె కఫాలా, అంటే స్పాన్సర్‌షిప్, కంపెనీ నుంచి యూనివర్సిటీకి మారాలి.

సరిగ్గా అప్పుడే నితాఖాత్ ముమ్మరమైంది. ఎంతమంది సౌదీలను ఉద్యోగంలో పెట్టుకున్నారన్న లెక్క మీద అక్కడి ప్రభుత్వం ప్రతి కంపెనీకీ ఒక రంగు ఇచ్చింది. సరిపడా ఉంటే గ్రీన్, తక్కువైతే ఎల్లో. మా కంపెనీకి ఎల్లో వచ్చింది. సూపర్‌వైజర్లందరినీ దమ్మామ్ ఆఫీసుకు పిలిచారు. మా ముదీర్, అంటే మేనేజర్, కరాచీ మనిషి. అరబిక్, ఇంగ్లీషుల్లో ఉన్న నోటీసును మా ముందు పెట్టాడు. ఎల్లో కంపెనీ చాలా ఏళ్లుగా దేశంలో ఉన్నవాళ్ల ఇకామాలు రెన్యువల్ చేయించలేదని అందులో ఉంది. అప్పటికి నాకు తొమ్మిదో ఏడు. కింద ఇంకొక లైను ఉంది. ఎల్లో కంపెనీలో ఉన్నవాళ్లు గ్రీన్ సంస్థకు మారాలనుకుంటే పాత కఫీల్, అంటే స్పాన్సర్, అనుమతి అక్కరలేదు. యూనివర్సిటీ గ్రీన్‌లోనే ఉంది.

ముదీర్ వేలు ఆ లైను మీదే ఆగింది. "యే బాత్ ఇసీ కమ్రే మే రహేగీ. మీ నర్సులు వెళ్లిపోతే కాంట్రాక్టు పోతుంది. కాంట్రాక్టు పోతే తేరా ఇకామా కౌన్ బనాయేగా, భాయ్?" అన్నాడు. మాట గది దాటకూడదని, దాటితే నా ఇకామా చేయించే దిక్కుండదని అర్థం. కంపెనీని గ్రీన్‌లోకి తెస్తానని, అందాకా ఓపిక పట్టమని కూడా చెప్పాడు. నా పిల్లలిద్దరూ దమ్మామ్‌లో చదువుతున్నారు. తల ఊపాను.

హుఫూఫ్ చేరేసరికి కరుణ నా గది బయటే నిలబడి ఉంది.

"ఏమైందండీ? మనకి ఎల్లో అంటున్నారు. ఎల్లో అంటే సిగ్నల్లో లాగా ఆగిపోవడమేనాండీ?"

"అంతే సిస్టర్."

"మా భీమవరంలో ఎల్లో పడితే బండి ఇంకా స్పీడుగా లాగించేత్తారండీ" అని నవ్వింది.

నేనూ నవ్వాను. "ఇది భీమవరం కాదు. ఇక్కడ ఆగాల్సిందే" అన్నాను.

ఆమె రెండోసారి అడగలేదు. కాగితాల సంగతి నాకు తెలిసినంతగా మా విభాగంలో ఎవరికీ తెలియదని అందరి నమ్మకం. కంపెనీ అనుమతి కోసం దరఖాస్తు ఇచ్చింది. ముదీర్ దాన్ని తిరగ్గొట్టాడు. గడువు దాటిపోయింది. సీటు మరొకరికి వెళ్లింది. "కరుణ సీటు నితాఖాత్ మింగేసింది" అని నర్సులు చెప్పుకున్నారు. ఆ రోజుల్లో ఎవరికి ఏం పోయినా ఆ మాటే అనేవారు. నేను ఆ మాటను ఖండించలేదు.

తన ప్రశ్న మీద సిబ్బందితో మొదలుపెట్టిన ప్రాథమిక పరీక్షలను మధ్యలో వదిలేయడం ఇష్టం లేక ఆమె ల్యాబుకు రావడం మానలేదు. కొన్నాళ్లకు నన్ను కూడా కూర్చోమంది. "అందరూ అయిపోయారండీ, మీరొక్కరే మిగిలారు."

గడ్డం ఆనించాను. ముందు క్యాలిబ్రేషన్. తెర మీద చుక్క గెంతుతుంటే దాని వెంట చూడాలి. యంత్రం మన కంటిని సరిగ్గా పట్టుకుందో లేదో అలా తేలుతుంది. తర్వాత గేటు పాసు, డ్యూటీ చార్టు, అగ్నిమాపక సూచనలు వరసగా వచ్చాయి. ప్రతి కాగితానికీ ముందు ఒక ప్రశ్న అడగాలని ఆ పద్ధతిలోనే ఉంది. ఇది ఇంతకుముందు చూశారా? ఆ జవాబు చాలా అవసరం. కొత్త కాగితమైతే చూపు శీర్షిక నుంచి మొదలై కిందికి దిగుతుంది. తెలిసిన కాగితమైతే తనకు కావలసిన చోటికే గెంతుతుంది.

"తర్వాతది నితాఖాత్ నోటీసండీ. యూనివర్సిటీ ఆఫీసులో ఇచ్చారు. ముందెప్పుడైనా చూశారా?"

"లేదు" అన్నాను. మామూలు గొంతుతోనే అన్నాను.

నోటీసు తెర మీదికి వచ్చింది. నేను శీర్షిక చూద్దామనే అనుకున్నాను. నా కన్ను నా మాట వినలేదు. నేరుగా ఎడమ వైపు అడుగున ఉన్న ఆ లైను మీద వాలింది. తప్పించబోయాను. మార్జిన్‌కు పోయింది, మళ్లీ అక్కడికే వచ్చింది. ఇరవై ఏళ్లుగా ఇతరుల కళ్లు చూసిన నాకు నా కన్ను ఇలా చేస్తుందని తెలియకపోలేదు. అయినా గడ్డం స్టాండు మీద నుంచి తీయలేదు.

కరుణ నమోదైన చుక్కలను తెర మీద వేసింది. శీర్షిక మీద ఒక్క చుక్క కూడా లేదు. ఆ లైను మీద ఒకదాని మీద ఒకటి పడి నల్లటి ముద్ద అయింది.

"క్యాలిబ్రేషన్ తేడా వచ్చిందేమో" అన్నాను.

"బాగానే ఉందండీ. మీరు నేర్పినట్టే చేశాను."

మళ్లీ తనే అంది. "నిన్న చదివానండీ ఈ నోటీసు. చదివాక రాత్రంతా ఒకటే అనుకున్నా. సార్‌కీ తెలీదేమో, తెలిస్తే చెప్పకుండా ఉంటారా అని. మీకు తెలీదని మిషను చెప్తాదనుకున్నానండీ."

నాకు ముందే తెలుసని అప్పుడు చెప్పాను. ముదీర్ అన్న మాట చెప్పాను, నా ఇకామా సంగతి చెప్పాను. ఆమె యంత్రం ఆపి, దాని మీద ఎప్పటిలాగే గుడ్డ కప్పింది. తలుపు దగ్గర ఆగి, "నన్ను అడగాల్సిందండీ. ఆగమంటే ఆగేదాన్నేమో" అని వెళ్లిపోయింది.

ఆ తర్వాత కొద్ది రోజులకే కంపెనీ కొందరు సౌదీలను చేర్చుకుని గ్రీన్‌లోకి వచ్చింది. క్వార్టర్స్‌లో స్వీట్లు పంచారు. గ్రీన్ రాగానే అనుమతి లేకుండా మారే దారి మూసుకుపోయింది. మా కంపెనీ ఎల్లోలో ఉన్న ఆ కొన్ని నెలలే కరుణకు తలుపు తెరిచి ఉన్నది. భీమవరం సిగ్నల్ గురించి ఆమె నవ్వుతూ అన్న మాటే నిజమైంది. కాంట్రాక్టు ముగియగానే ఫైనల్ ఎగ్జిట్ తీసుకుని ఇంటికి వెళ్లింది. పీహెచ్‌డీ చేసిందో లేదో నాకు తెలియదు. అడిగే ముఖం లేదు.

నా ఇకామా రెన్యువల్ అయింది. తర్వాత కుటుంబ సభ్యుల మీద తలకింత కట్టాల్సిన ఫ్యామిలీ లెవీ వచ్చి భార్యాపిల్లలను పంపించేశాను. ఆ వెనకే నన్నూ పంపించేశారు. యాభై మూడేళ్లకు రిటైరై నిజామాబాద్‌లో ఉంటున్నాను. ఈమధ్య పాత సిబ్బంది ఒకచోట కలిశాం. మాటల్లో కరుణ పేరు వచ్చింది. "పాపం, నితాఖాత్‌లో సీటు పోగొట్టుకుంది" అని ఎవరో అన్నారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మాట అలాగే చెలామణిలో ఉండడం చూసి నిర్ఘాంతపోయాను. ఆమె వాళ్లెవరికీ నా పేరు చెప్పలేదన్నమాట. నితాఖాత్ ఆమెకు సీటు దక్కే దారి ఇచ్చింది. పోగొట్టింది నేను. అక్కడే అందరికీ చెప్పాను, ఇక్కడ రాస్తున్నాను.

మనిషి దేన్ని చూశాడో చెప్పే యంత్రంతో ఎన్నో ఏళ్లు పనిచేశాను. చూసి ఎందుకు ఊరుకున్నాడో అది చెప్పదు. ఆ సంగతి చూసినవాడే చెప్పాలి, గడువు దాటకముందే చెప్పాలి.