తిరిగే టేబుల్ ముందు మా మేస్త్రీ

మా మేస్త్రీ పోయారన్న కబురు మంగళవారం పొద్దున, షిఫ్టు మొదలైన కాసేపటికి వచ్చింది. ఆయన పక్కింటాయన సైకిల్ మీద గేటు దాకా వచ్చి, లోపలికి రాకుండానే, "మేస్త్రీ పోయినాడప్పా. తెల్లారి నమాజుకు లేసి, మొగం కడుక్కుంటా కడుక్కుంటా కూలబడిపోయినాడంట" అని చెప్పి వెళ్ళిపోయాడు. అప్పటికి యంత్రం నడుస్తోంది. ఆపమని ఎవరూ అనలేదు. కోస్తున్న ఇనుప ముక్కను సగంలో ఆపితే ఆయన ఊరుకునేవారు కాదు. అందరం చుట్టూ చేరి చూస్తూ నిలబడ్డాం. ఆఖరి చిల్లు పడింది. కత్తి పైకి లేచి ఆగింది. అప్పుడు ఆపరేటరు స్విచ్ దించాడు.

ఆయన గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. రాసే హక్కు నాకుందో లేదో తెలియదు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. కాని ఆయన ఒక సంగతి నాకొక్కదానికే చెప్పారు. ఆయన పోయిన వారానికి, దాన్ని అన్నేళ్ళుగా ఇంకొకరు కూడా మోస్తున్నారని తెలిసింది. అందుకే రాస్తున్నాను. రాయమని వాళ్ళే అన్నారు.

గుత్తి బయట, కోట కొండ కనిపించే రోడ్డు మీద మాది చిన్న కార్ఖానా. చేతి బోరింగులకు పైనుండే పోత ఇనుప తల తయారుచేస్తాం. మా జిల్లాలో ఆ తల పగిలితే ఊళ్ళో నీళ్ళు ఆగిపోయినట్టే. కంబదూరు నుంచీ బెళుగుప్ప నుంచీ మనుషులు పగిలిన తలను గోనెసంచిలో మూటగట్టుకొని బస్సెక్కి వచ్చేవారు. కొత్తది చేతికి అందేదాకా గేటు దగ్గర నీడలో కూర్చునేవారు. లోపలికి వచ్చి తొందరపెట్టేవారు కాదు. ఆ కూర్చోవడమే మమ్మల్ని తొందరపెట్టేది.

నేను అక్కడ చేరింది ఎనభైల నడుమ. మాది ధర్మవరం, పట్టు మగ్గాల ఇల్లు. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేశాను. అప్పుడే మా ఓనరు, బెంగళూరులో ఎవరో కొన్నాళ్ళు వాడి పక్కన పెట్టిన సీఎన్‌సీ మిల్లింగు యంత్రాన్ని లారీ మీద తెప్పించాడు. కత్తి ఎటు నడవాలో, ఎంత లోతు కోయాలో అంకెల్లో రాసి, ఆ అంకెలను కాగితం టేపు మీద చిల్లులుగా కొట్టి ఇస్తే, అది చదువుకొని తనంతట తానే కోసుకుంటూ పోతుంది. ఆ అంకెలు రాయడం నా ఉద్యోగం. కార్ఖానా మొత్తానికి ఆడమనిషిని నేనొక్కదాన్నే.

మొదటి రోజు మేస్త్రీ ఆ టేపును వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు. "ఇది చూసి యంత్రానికి ఏం అర్థమైతాది మా?" అన్నారు.

"మా నాయన మగ్గం మీద అంచు పువ్వు కోసం చిల్లుల అట్టలు కడతాడు మేస్త్రీ. ఏ చిల్లుంటే ఏ దారం లేస్తుందో మగ్గానికి తెలుసు. ఇదీ అట్లాంటిదే" అన్నాను.

ఆయన నవ్వారు. "అట్లయితే నువ్వు నేసేదానివే. ఇనుము నేస్తాండావు."

అప్పటికి ఆయనకు యాభై దాటాయి. సన్నటి మనిషి, ఎడమ చెవి కాస్త మందం. ఏ యంత్రం మొదలుపెట్టినా ముందు గట్టిగా ఒక మాట అడిగేవారు: "చెయ్యి యాడ?" దగ్గరున్నవాళ్ళందరూ రెండు చేతులూ పైకెత్తి "ఈడ!" అనాలి. ఓనరయినా సరే, చూడ్డానికొచ్చిన బ్యాంకు మేనేజరయినా సరే. అందరూ జవాబిచ్చాక కూడా ఆయన ఇంకో క్షణం ఆగేవారు, ఇంకెవరో పలకాల్సి ఉన్నట్టు. ఆ తర్వాతే మీట నొక్కేవారు. అది చెవి మందం వల్ల అనుకునేదాన్ని.

పాత మిల్లింగు యంత్రానికి ఆయన స్వయంగా చేసిన సాధనం ఒకటుండేది. బోరింగు తలకు నాలుగు పక్కలా చదును చేయాలి, చిల్లులు వేయాలి. మామూలుగా అయితే ఒక పక్క కాగానే విప్పి, తిప్పి, మళ్ళీ బిగించాలి. ఆయన సాధనంలో ఒక్కసారి బిగిస్తే చాలు. దూరంగా నిలబడి పొడుగాటి కడ్డీ లాగితే ముక్క పావు చుట్టు తిరిగి టక్కున నిలబడేది. పని ఎంత తొందరగా అయ్యేదో చూడ్డానికి హిందూపురం నుంచి కూడా మేస్త్రీలు వచ్చేవారు. మెచ్చుకుంటే ఆయన మొహం తిప్పుకొనేవారు. "తొందర కోసరం చేయలేదప్పా" అనేవారు. ఎందుకోసమో చెప్పేవారు కాదు.

కొత్త యంత్రంలో ఆ కడ్డీ పని కూడా అంకెలే చేస్తాయి. లోపలున్న గుండ్రటి టేబుల్, చెప్పిన చోట, చెప్పినంత తిరుగుతుంది. దాన్ని మొదటిసారి తిప్పి చూపించిన రోజు అందరూ చప్పట్లు కొట్టారు. మేస్త్రీ మాత్రం రెండడుగులు వెనక్కి వేశారు. కుడి చేతిని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకున్నారు.

"లోపల ఎవరో కూచోని తిప్పతాండట్లుండాది మా" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. "మోటారు తిప్పుతోంది మేస్త్రీ."

"మోటారేలే" అన్నారాయన. కాని ఆ రోజంతా దాని దగ్గరికి రాలేదు. తర్వాత అలవాటు పడ్డారు, పని కూడా నాకంటే బాగా పట్టుకున్నారు. అయినా టేబుల్ తిరిగే ఆ కొద్దిపాటి సమయం ఆయన మాట ఆగిపోయేది. ఎంత ముఖ్యమైన విషయం చెబుతున్నా మధ్యలో ఆపి, అది తిరిగి నిలబడ్డాక, విడిచిన చోటినుంచి మళ్ళీ అందుకునేవారు.

ఆ ఏడు వానలు పడలేదు. వేరుశనగ మొలకల దగ్గరే ఎండిపోయింది. గేటు దగ్గర గోనెసంచుల మనుషులు పెరిగారు. త్రీఫేజు కరెంటు రోజులో కొన్ని గంటలే. ఆ గంటల్లో ఎన్ని తలలు తీస్తే అన్ని ఊళ్ళకు నీళ్ళు. ఓనరు నా బల్ల దగ్గరికి వచ్చి, "ఒక్కో ముక్కకు కొంచెం టైము తగ్గించలేవా మ్మా?" అని అడిగాడు.

తగ్గించాను. టేబుల్ తిరిగే ముందు కత్తి బాగా పైకి లేచి ఆగేది. ఎందుకంత పైకి? వేలెడంత లేస్తే చాలదా? లేస్తూండగానే టేబుల్ తిరగడం మొదలుపెడితే ఇంకా కలిసొస్తుంది. అంకెలు మార్చి కొత్త టేపు కొట్టాను. ఆ పూట ఎక్కువ తలలు వచ్చాయి. ఓనరు సంబరపడి, యంత్రం తలుపు తెరిస్తే అది ఆగిపోయే స్విచ్చును కూడా తీగతో కట్టించాడు. తలుపు మూసే టైము కూడా మిగులుతుందని. ఆ వారం మేస్త్రీ అనంతపురం పోత కార్ఖానాలో ఉన్నారు. తిరిగొచ్చిన రోజు మధ్యాహ్నం ఆయన లోపలికి అడుగుపెడుతున్నారు, అప్పుడే జరిగింది.

పోతలో తేడా వచ్చిన ముక్క ఒకటి. ఒక మూల వేలెడంత ఉబ్బుగా ఉంది. ఎవరూ చూడలేదు. టేబుల్ తిరిగింది. ఆ మూల, పైకి పూర్తిగా లేవని కత్తికి తగిలింది. తుపాకీ పేలినట్టు శబ్దం. విరిగిన కత్తి ముక్క తెరిచి ఉన్న తలుపులోంచి దూసుకొచ్చి ఆపరేటరు వెనకనున్న చెక్క బీరువాలో దిగబడింది. అతను అప్పుడే కింద పడిన స్పానరు తీసుకుందామని వంగాడు. వంగకపోయి ఉంటే అది సరిగ్గా అతని మెడకు తగిలేది.

ఓనరు పోత పోసినవాళ్ళను తిట్టాడు. తప్పు పోతది కాదని నాకు తెలుసు. మేస్త్రీ తిన్నగా వెళ్ళి స్విచ్చుకు కట్టిన తీగ విప్పి, మెలికలు తీసి, ముక్కలుగా కత్తిరించి పారేశారు. తర్వాత బయటికి వెళ్ళి తుక్కు ఇనుము కుప్ప పక్కన కూర్చున్నారు. నేనూ ఆయన వెనకాలే వెళ్ళాను.

"మేస్త్రీ, ఆ అంకెలు నేనే మార్చినాను" అన్నాను.

"తెల్సు మా. శబ్దం విన్యా గదా." తలెత్తి అడిగారు, "ఎందుకు మార్చినావు?"

గేటు వైపు చూపించాను. అక్కడ ముగ్గురు కూర్చుని ఉన్నారు.

ఆయన తల ఊపారు. అప్పుడు చెప్పారు. డెబ్బైల మొదట్లో, ఇంతకన్నా పెద్ద కరువు. ఇదే పని, పాత యంత్రం. ఆయనా, ఆయన బామ్మర్దీ కలిసి చేసేవారు. బామ్మర్ది ఇరవై నాలుగేళ్ళవాడు, పని తెలిసినవాడు. ఒక పక్క కాగానే యంత్రం ఆపి, కత్తి నిలబడ్డాక ముక్కను తిప్పేవాడు. ఆ రోజు కూడా గేటు దగ్గర జనం.

"నేనే అన్న్యా. 'ఆపొద్దురా, తిరగతాంటేనే తిప్పు, కరెంటు పోతాది' అన్న్యా. వాడు నా మాట ఎప్పుడూ కాదనలా." ఆయన తన కుడి చెయ్యి చూసుకున్నారు. "కత్తి పట్టుకునేసింది. రెండు దినాలు ఆస్పత్రిలో ఉండి పోయినాడు. ఆ కడ్డీ సాధనం దాని తర్వాత చేసినా. ముందే చేసింటే..."

ఆయన గేటు వైపు ఓసారి చూసి మళ్ళీ అందుకున్నారు.

"వాని అక్క నా ఇంట్లో ఉండాది. ఆయమ్మకు ఈ మాట తెలీదు. వాడే ఆపలేదనుకునింది. పదైదేండ్లు నా చేత్తో అన్నం తిన్యా, ఆయమ్మ చేత్తో వడ్డిస్తే. చెప్పలేక పోయినా. నువ్వు గూడా చెప్పొద్దు మా."

చెప్పనన్నాను.

మర్నాడు ఆయన నా బల్ల దగ్గర కూర్చుని, పొద్దుటినుంచీ కరెంటు పోయేదాకా, చేతి గడియారం చూస్తూ పనిని గమనించారు. సాయంత్రం అన్నారు: "టైము యాడ పోతాందో చూసినావా? కత్తి పైకి లేసేదానికి పోలేదు. బిగించేదానికి, విప్పేదానికి పోతాంది. అంతసేపూ యంత్రం ఊరికే నిలబడుకోనుండాది."

ఆ తర్వాతి రెండు నెలల్లో మేమిద్దరం చేసిన పనే ఇప్పటికీ మా కార్ఖానాలో నడుస్తోంది. టేబుల్ మీద ఒక నిలువు ఇనుప దిమ్మె, దానికి నాలుగు పక్కలా నాలుగు తలలు. ఒక్కసారి మొదలుపెడితే, టేబుల్ ఒక్కో తలలో ఒక్కో పక్కనూ కత్తి ముందుకు తెస్తుంది. అలాంటిదే రెండో దిమ్మె బయట బల్ల మీద ఉంటుంది. లోపల నాలుగూ అవుతుండగా, ఆపరేటరు బయట నింపాదిగా ఇంకో నాలుగు బిగిస్తాడు, ఉబ్బులున్నాయేమో తడిమి చూస్తాడు. అంకెల్లో నేను కత్తిని మళ్ళీ పూర్తిగా పైకి లేపాను. అది నిలబడ్డాకే టేబుల్ కదలాలని రాశాను. అయినా ముందు రెండు రోజులు పట్టిన పని ఒక పూటలో అయ్యేది. "యంత్రం ఖాళీగా ఉండగూడదు, మనిషి తొందరపడగూడదు. రెండూ ఒగేసారి కావల్ల మా" అనేవారు మేస్త్రీ. నేను ఇన్నేళ్ళుగా చేస్తున్న పనికి ఇంతకన్నా మంచి పాఠం ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

గేటు దగ్గర కూర్చునేవాళ్ళు తగ్గారు. మేస్త్రీ మాత్రం మారలేదు. టేబుల్ ఎన్నిసార్లు తిరిగితే అన్నిసార్లూ ఆయన మాట ఆగిపోయేది. ఇప్పుడు నాకు నవ్వొచ్చేది కాదు. ఆయన పక్కన నేనూ ఊపిరి బిగబట్టి నిలబడేదాన్ని. నిజం చెప్పాలంటే, ఆ గాజు తలుపు వెనకాల నాకు కూడా ఒక్కోసారి ఎవరో ఉన్నట్టే అనిపించేది. ముఖం లేదు. ఓపిగ్గా తిప్పే రెండు చేతులు, అంతే. వంగి స్పానరు తీసుకున్న మనిషి లేవకుండా అలాగే ఉండిపోయినట్టు నాకు కలలు వచ్చేవి. ఇప్పటికీ వస్తాయి.

ఆయన పోయిన వారానికి వాళ్ళింటికి వెళ్ళాను. మేస్త్రీ భార్య పెరట్లో గుడ్డలు ఉతుకుతోంది. ఆయన చొక్కాలు. ఎవరైనా లేనివాళ్ళకు ఇద్దామని ఉతుకుతున్నానంది. నేను ఒక్కొక్కటే పిండి, తీగ మీద ఆరేస్తూ నిలబడ్డాను. కాసేపటికి ఆమే అడిగింది.

"నీకు చెప్పినాడు గదా మా? మా తమ్ముని సంగతి."

నా చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. అబద్ధం చెప్పలేకపోయాను. తల ఊపాను.

"నాకు ముందునుంచీ తెల్సు. ఆస్పత్రిలో వాడే చెప్పినాడు. 'బావ ఆపొద్దన్నాడక్కా, నీళ్ళకోసరం అన్నాడు, బావను ఏమీ అనాకు' అన్నాడు. ఒట్టేయించుకున్నాడు."

"మరి ఆయనకు చెప్పలేదేం, మీకు తెలుసని?"

ఆమె చొక్కాను రాయి మీద పెట్టి, రెండు వైపులా సబ్బు రాసింది.

"మొదట్లో కోపముండె మా. తెలీనట్లుండి, ఆయప్పనే నోరు తెరిచి చెప్పనీ అని చూసినా. కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలీదు. పోయినాక చెప్దామంటే, ఇన్నేండ్లు తెలిసే వడ్డించిందా అని ఆ మనిషి కూలిపోతాడేమో అని భయం. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటా ఉన్న్యా." నీళ్ళు వంచింది. "రాయి మా. నీకు రాసేది వచ్చు గదా. మా ఇద్దరికీ మాట రాలేదు. నువ్వన్నా రాయి."

నేను తీగ వైపు తిరిగాను. అప్పుడు చూశాను. పని చొక్కాలు, శుక్రవారం వేసుకునే తెల్ల చొక్కాలు, పండగకు కుట్టించిన కొత్తది, ఒక్కదానికి కూడా పొడుగు చేతులు లేవు. అన్నింటినీ భుజం కింద జానెడు దగ్గర కత్తిరించి, అంచు మడిచి, సన్నటి కుట్టు వేసి ఉంది. అన్నీ ఒకే చేతి కుట్టు.

"కొత్తది తెచ్చినప్పుడల్లా నేనే కోసి, కుట్టి ఇస్తా ఉన్న్యా" అంది ఆమె, నా చూపు గమనించి. "మా తమ్మునికి చొక్కా చెయ్యే గదా మొదట తగులుకునింది. ఎందుకు కోస్తాండావని ఆయప్ప ఒక్క దినం గూడా అడగలేదు."

పడమటి గాలికి చొక్కాలు నిమిషాల్లో ఆరిపోయాయి. ఆరినవి తేలికై, తీగ మీద ఒకదాన్నొకటి తాకుతూ, ఆ పొట్టి చేతులు గాలితో నిండుతూ, ఖాళీ అవుతూ ఉన్నాయి. మేమిద్దరం వాటిని తీయకుండా చాలాసేపు అక్కడే నిలబడ్డాం.