నెరిమా సందులో చీపుర్ల పోటీ

ఆ రోజుల్లో మా అమలాపురంలో ఒక ఇంట్లోకి కొత్తవాళ్ళు దిగుతున్నారంటే వీధికి అంతకంటే పెద్ద కబురు ఉండేది కాదు. వ్యానులోంచి మంచం దింపకముందే కుడిపక్కవాళ్ళు కాఫీ ఫ్లాస్కుతో వచ్చేసేవారు, ఎడమపక్కవాళ్ళు మంచినీళ్ళ బిందె పంపేవారు, ఎదురింటివాళ్ళు వట్టి చేతులతో వచ్చి, ఆ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, ఏ ఊరండీ, ఎవరి తాలూకా అండీ, పిల్లలెందరండీ, లేకపోతే ఎందుకు లేరండీ అని వరసగా అడిగేసేవారు. వచ్చినవాళ్ళ పని జవాబులు చెప్పడం ఒక్కటే. సాయంత్రానికల్లా వాళ్ళ బీరువాలో ఎన్ని అరలున్నాయో కూడా వీధికి తెలిసిపోయేది. ఇది మర్యాదో ఆరా తీయడమో నేనెప్పుడూ ఆలోచించలేదు (ఆలోచించే ఓపికే ఉంటే అందరితోనూ అంతలా వాదించేదాన్ని కాదు). సూర్యుడు తూర్పున వస్తాడు, ఉన్నవాళ్ళు కొత్తవాళ్ళ గుమ్మంలోకి వస్తారు, అంతే. ప్రపంచమంతా ఇలాగే నడుస్తుందనుకున్నాను. ఎమ్మే చదివాను కూడాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నా పెళ్ళయింది. పెళ్ళయిన నెలకే మావారు కంప్యూటర్ల ఉద్యోగం మీద జపాను వెళ్ళిపోతే, ఏడాదిపాటు ఫోనులోనే కాపరం చేశాను. చివరికి నేనూ బయల్దేరినప్పుడు మా అమ్మ రెండు ఆవకాయ జాడీలూ, చూడటానికి వచ్చేవాళ్ళకి పెట్టమని ఒక పెద్ద డబ్బా నిండా పూతరేకులూ, మా తోటలో కొబ్బరి ఈనెలతో కట్టించిన చీపురూ సర్దింది. విమానాశ్రయంలో ఒక అధికారి ఆ చీపురుని అటూ ఇటూ తిప్పి చూసి, నా మొహమూ చూసి, ఏమనుకున్నాడో ఏమో, రెండు చేతులతో పట్టుకుని భక్తిగా తిరిగిచ్చేశాడు. టోక్యో అంటే ఆకాశాన్ని అంటే మేడలని మా వీధి వీధికంతా చెప్పి వచ్చినదాన్ని. రైళ్ళు మారి మారి, ఒక చిన్న స్టేషనులో దిగి, పెట్టె ఈడ్చుకుంటూ నడిచి, కళ్ళెత్తి చూస్తే ఎదురుగా క్యాబేజీ మడి.

"ఇదేమిటండీ?" అన్నాను.

"నెరిమా," అన్నారు మావారు. "ఇదీ టోక్యోయే. నగరం లెక్కలోకే వస్తుంది."

లెక్కలోకి రావడమైతే వస్తుంది. ఒకప్పుడు ఆ చుట్టుపక్కలంతా పొలాలేనట, ముల్లంగికి పెట్టింది పేరట. తర్వాత నగరం పెరుగుతూ వచ్చి మొత్తం మింగేసింది గానీ, కొన్ని మళ్ళు మాత్రం గొంతులో అడ్డం పడ్డట్టు అక్కడక్కడా మిగిలిపోయాయి. ఆ మళ్ళ చుట్టూ అగ్గిపెట్టెలు పేర్చినట్టు రెండంతస్తుల ఇళ్ళు. ఇంటికీ ఇంటికీ మధ్య చెయ్యి పట్టదు. ఒకింట్లో తుమ్మితే పక్కింట్లోంచి చిరంజీవ అనొచ్చు, కాని అక్కడ ఎవరూ తుమ్మరు. ప్రతి గుమ్మం ముందూ పూలకుండీలు, వాటి పక్కన సైకిళ్ళు, బాల్కనీల్లో ఒకే వరసలో ఆరేసిన పరుపులు. మడిగట్టు మీద ఒక బల్ల, దాని మీద కడిగిన ముల్లంగి దుంపలు, పక్కన డబ్బులు వేసే డబ్బా, మనిషి మాత్రం ఉండడు. మా సంతలో అలా పెడితే ముందు డబ్బా పోతుంది, తర్వాత దుంపలు, ఆఖర్న బల్ల. సాయంత్రం అయిదు కాగానే స్తంభాలకి కట్టిన మైకుల్లోంచి సన్నగా ఒక పాట వచ్చేది. పిల్లలూ, ఆటలు చాలించి ఇళ్ళకి పొండి అని దానర్థమట. నాకేం తెలుసు? మొదటిసారి విన్నరోజు తుపాను హెచ్చరిక అనుకుని, ఆరేసిన బట్టలు లోపల పడేసి, బక్కెట్ల నిండా నీళ్ళు పట్టి, కొవ్వొత్తుల కోసం ఇల్లంతా వెతికాను. మావారు వచ్చేసరికి ఆవకాయ జాడీలు అటక మీదికి ఎక్కించి ఉన్నాయి.

మేమున్నది కింది వాటా. గుమ్మం నేరుగా సందులోకే ఉండేది. మేము దిగిన మర్నాటి పొద్దున్నే తలస్నానం చేసి, మంచి చీర కట్టుకుని, పూతరేకుల డబ్బా బల్ల మీద పెట్టి, తలుపు బార్లా తీసుకుని కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ప్రయాణం బడలికలో ఉందిలే అని ఆగి ఉంటారనుకున్నాను. రెండోరోజూ రాలేదు. వారం గడిచింది. సందులో వెళ్ళేవాళ్ళు నా గుమ్మం దగ్గరికి రాగానే నడుం వంచి దణ్ణంలాంటిది పెట్టి, అడుగు వేగం పెంచి వెళ్ళిపోయేవారు. అందరికంటే నాకు కంటగింపు ఎదురింటి పెద్దావిడ. డెబ్భై ఏళ్ళు దాటి ఉంటాయి. తెల్లారగానే వెదురు చీపురు పట్టుకుని బయటికొచ్చి సందంతా ఒకసారి తనిఖీ చేసినట్టు చూసేది కనక ఆవిడకి కలెక్టరుగారని పేరు పెట్టాను. కలెక్టరుగారు సందుని సరిగ్గా సగం వరకే ఊడ్చేది. మధ్యలో సర్వేరాయి పాతినట్టు, అక్కడ చీపురు ఆగిపోయేది. ఇవతలి సగంలో రాలిన ఆకులు కూడా ఆవిడ ఇంటి ముందు చెట్టువే. చెట్టు ఆవిడది, పళ్ళు ఆవిడవి, ఆకులు ఎత్తిపోసే చాకిరీ నాదీనా? మీరే చెప్పండి.

మావారు నా బాధ అర్థం చేసుకునే రకం కాదు. వాళ్ళకి మొహమాటం ఎక్కువ, నువ్వే వెళ్ళి పలకరించకూడదా అనేవారు. మొహమాటమంటూ ఉంటే కొత్తదాన్ని నాకుండాలి గానీ పుట్టి పెరిగిన ఊళ్ళో వాళ్ళకెందుకు అని నేను. (అన్నట్టు మన గోదావరి వాళ్ళు ఆయ్ అనేచోట వాళ్ళు హాయ్ అంటారు. అర్థమూ అదే, వంగడమూ అదే. ఆ ఒక్క మాట చూసే మావారికి ఉద్యోగం ఇచ్చారని నా అనుమానం.) ఫోను కార్డు కొనుక్కుని మా అమ్మతో మొర పెట్టుకుంటే, అమ్మ తీర్పు చెప్పింది.

"వాళ్ళేమనుకుంటన్నారో మనకేం తెలుసే. అలాగని అడగని పేరంటానికి వెళ్ళినట్టు నువ్వెళితే బాగోదమ్మా. రేపు అల్లుడుగారికే చులకన. పూతరేకులు మెత్తబడిపోకుండా చూసుకో, వచ్చేరంటే పెట్టాలి కదా."

పూతరేకులు మెత్తబడే అవకాశమే రాలేదు. రోజూ రాత్రి భోజనాలయ్యాక, వచ్చేవాళ్ళు ఎలాగూ వచ్చేటట్టు లేరని ఒకటి, రేపు వస్తే మాత్రం ఇన్ని ఎందుకులే అని ఇంకొకటి, మావారే తినేస్తున్నారు. డబ్బా అడుగు కనబడిన రోజున నాకు దుఃఖం ఆగలేదు. పొద్దున్న ఆయన వెళ్ళింది మొదలు రాత్రి వచ్చేదాకా నాతో మనిషన్నవాడు మాట్లాడి ఎన్నాళ్ళయిందో. మాట్లాడకపోతే పోనీ, పోట్లాడేందుకైనా ఒకరు ఉండాలా వద్దా? అప్పుడే ఒట్టు పెట్టాను. దీపావళి వెళ్ళేలోగా ఈ సందులోంచి ఒక్క మనిషి నా గుమ్మం ఎక్కకపోతే నేను అమలాపురం వెళ్ళిపోతాను, మీరు ఇంకో ఏడాది ఫోనులో కాపరం చేసుకోండి అన్నాను. ఆయన నవ్వబోయి, నా మొహం చూసి మానేశారు. నేనన్నానంటే చేస్తానని అప్పటికే తెలుసు పాపం. టికెట్టు మాట ఎత్తకుండా, అన్నం కెలుకుతూ, "ఈసారి ఒంటరిగా ఉండటం నా వల్ల కాదు," అని మాత్రం అన్నారు. నాకూ కాదు. కాని ఆ మాట చెబితే ఒట్టు బలం తగ్గిపోదూ? చెప్పలేదు.

దీపావళి దగ్గర పడుతోంది, కలెక్టరుగారి చెట్టు ఆకులు రాలడం ఎక్కువైంది. ఎలాగూ వెళ్ళిపోయేదాన్నే, వెళ్ళేలోగా ఈవిడకి బుద్ధి చెప్పి పోదామనుకున్నాను. మా వీధిలో ఒకరి వాకిలి ఇంకొకరు ఊడిస్తే అంతకంటే అవమానం లేదు. ఇల్లు చూసుకోవడం నీకు చేతకాదమ్మా అని చీపురుతో చెప్పడమే. అలా ఊడ్చిన పాపానికి మాట్లాడుకోవడం మానేసిన తోటికోడళ్ళని నేనెరుగుదును. సరే, ఒకరోజు కలెక్టరుగారికంటే ముందు లేచి, కొబ్బరీనెల చీపురు తీసి, నా సగంతో ఆగకుండా సర్వేరాయి దాటి, ఆవిడ గుమ్మం దాకా అద్దంలా ఊడ్చి, లోపలికి వచ్చి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఆవిడ వచ్చింది. సందు చూసింది. నా గుమ్మం చూసింది. చీపురుతో అలాగే లోపలికి వెళ్ళిపోయింది. తగలాల్సిన చోట తగిలిందనుకుని ఆ పూట సుష్టుగా తిన్నాను.

మర్నాడు నేను తలుపు తీసేసరికి నా వాకిలి ఊడ్చేసి ఉంది. ఎంత గర్వం! ఆ మర్నాడు నేను ఇంకాస్త ముందు లేచాను. తర్వాతిరోజు ఆవిడ ఇంకా ముందు. నాకు మాత్రం ఒళ్ళు తేలికపడింది. పొద్దున్న లేవడానికి ఒక కారణం దొరికింది, అక్కసు తీర్చుకోవడానికి ఒక మనిషి దొరికింది. ఆకులు రాలే తీరిక కూడా లేకుండా ఆ సందుని రోజుకి రెండుసార్లు గీకి పారేశాం. ఆఖరికి ఒకరోజు, ఇంకా వీధిదీపాలు ఆరకముందే, ఇద్దరం ఒక్కసారే తలుపులు తీశాం. చేతుల్లో చీపుర్లు. చలికి ఆవిడ నోట్లోంచి పొగ, కోపానికి నా నోట్లోంచి పొగ.

ఆవిడ వంగి వాళ్ళ భాషలో ఏదో మొదలుపెట్టింది. ఆవిడ ఆపేదాకా ఆగడం నాకు పుట్టుకతో రాలేదు కనక నేను తెలుగులో అందుకున్నాను. ఏమండీ, మనిషి కొత్తగా వస్తే మంచినీళ్ళు కావాలా అని అడిగేవాళ్ళే లేరా మీ ఊళ్ళో, మేము పొట్టకూటికి వచ్చేమనేగా మీకింత లోకువ అని మొదలుపెట్టి, వాళ్ళ చెట్టు దాకా దులిపేశాను. ఆవిడా ఆపలేదు. ఒక్క ముక్క ఇద్దరికీ అర్థం కాకుండా ఇద్దరం ధారాళంగా మాట్లాడుకుంటున్నాం. అన్ని రోజుల మీద నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నది అప్పుడే. ఈ సందడికి మావారు దుప్పటి కప్పుకుని, ఒక కాలికే చెప్పుతో బయటికొచ్చి, మా ఇద్దరి మధ్యా నిలబడి వరసగా హాయ్, హాయ్ అనడం మొదలుపెట్టారు.

"మీరు వంగడం తర్వాత. ఏమంటోందో చెప్పండి."

"నీకు థాంక్స్ చెబుతున్నారు."

"దేనికట?"

"రోజూ వాళ్ళ వాకిలి ఊడుస్తున్నావని. ఇంత మర్యాద ఎక్కడా చూడలేదట. బదులు తీర్చుకోకపోతే బాగోదని తనూ రోజూ ఇంకాస్త ముందు లేస్తున్నారట. కాని మోకాళ్ళు సహకరించటంలేదు, ఇంకా ముందంటే తన వల్ల కాదు, దయచేసి ఈ మర్యాద ఇక్కడితో ఆపమంటున్నారు."

నా చేతిలో చీపురు కిందికి దిగింది. అంత శ్రద్ధగా చేసిన అవమానం ఇలా వృథా పోతుందని ఎవరనుకుంటారు?

మావారు గొంతు సవరించుకున్నారు. "ఇంకోటి కూడా అడుగుతున్నారు. ఇంత మర్యాద తెలిసిన పిల్ల, వచ్చి ఇన్నాళ్ళయినా ఒక్కసారి మా గుమ్మంలోకి ఎందుకు రాలేదు, మేమేం తప్పు చేశాం అని."

అప్పుడు బయటపడింది అసలు సంగతి. అక్కడ కొత్తగా దిగినవాళ్ళే వెళ్ళాలట. ఎదురుగా ఉన్న మూడిళ్ళకీ, ఇటూ అటూ పక్కిళ్ళకీ ఏదో చిన్న వస్తువు పట్టుకుని వెళ్ళి, మమ్మల్ని కాస్త కనిపెట్టుకుని ఉండండి అని చెప్పుకోవాలట. అలా వెళ్ళకపోతే, వీళ్ళకి మనతో సంబంధం అక్కర్లేదు కాబోలు, ఇబ్బంది పెట్టకూడదు అని ఇరుగుపొరుగు తప్పుకుంటారట. పైగా నేను పొద్దస్తమానం తలుపు తీసుకుని కూర్చోవడం చూసి, ఈ అమ్మాయి మన వల్ల ఏం చప్పుడవుతుందా అని కాపలా కాస్తోందని పక్కవాళ్ళు అడుగుల చప్పుడు కూడా వినపడకుండా నడుస్తున్నారట. మావారికి ఈ సంగతి ఏడాదిగా ఎందుకు తెలియలేదంటే, ఆయన అప్పటిదాకా ఉన్నది కంపెనీవాళ్ళ హాస్టల్లో.

"మా ఊళ్ళో అయితే ఉన్నవాళ్ళే వస్తారని చెప్పండి," అన్నాను. "నేను రోజూ తలుపు తీసుకుని కూర్చున్నది వీళ్ళు వస్తారనే అని చెప్పండి."

ఆయన చెప్పారు. పెద్దావిడ విన్నది. చేత్తో నోరు మూసుకుంది. ముందు నవ్వొచ్చింది కాబోలు, భుజాలు కదిలాయి. తర్వాత ఆ చెయ్యి నోటి మీంచి కళ్ళ దగ్గరికి వెళ్ళింది. మేమేం తప్పు చేశాం అన్న ఆ ప్రశ్న నాది కదా, ఇన్నాళ్ళూ నేను గోడలకి వేస్తున్నది కదా, అది ఆవిడ నోట్లోకి ఎలా వెళ్ళిందా అని చూస్తున్నాను. ఎప్పుడు కదిలానో తెలియదు. చీపురు గోడకి చేరేసి సందు దాటి ఆవిడ గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను. వెనక్కి తిరిగి చూద్దును కదా, ఆవిడ తన చీపురు కుండీకి ఆనించి, మోకాళ్ళు పట్టుకుంటూ వెళ్ళి మా గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ మా ఇంట్లోకి చూస్తోంది, నేను ఆవిడ ఇంట్లోకి. రెండు చోట్లా లోపలికి రమ్మనేవాళ్ళు లేరు.

సందు మధ్యలో దుప్పటిలోంచి మావారు, "ఎవరో ఒకరు ఇంట్లో ఉండి పుణ్యం కట్టుకోండి. నాకు చలేస్తోంది," అన్నారు.

ఆ దీపావళికి టికెట్టు మాట నేనెత్తలేదు, ఆయన గుర్తు చెయ్యలేదు. ఆ సందులో ఆరేళ్ళున్నాం. ఆవిడా నేనూ చేతులూ కళ్ళూ తిప్పుకుంటూ ఎంత మాట్లాడుకున్నామో, అంతకు రెండింతలు తగువులు పడ్డాం. ఆ రోజు ముందు అడుగు వేసింది ఎవరన్నదే వాటిలో పెద్దది. ముందు కదిలింది నేనని ఆవిడ వాదన, ఆవిడేనని నా వాదన. సాక్షి అయిన మావారు, ఇంకా కాపరం చేసుకోవాల్సిన మనిషి గనక, చీకట్లో కనబడలేదనేవారు. ఆవిడ పోయిందని కబురు తెలిసి ఇప్పటికి చాలా ఏళ్ళే అయింది. విమానమెక్కి సముద్రం దాటి వెనక్కి పోవడానికి సిద్ధపడింది గానీ ఇంత సందు దాటడానికి సిద్ధపడని ఆ ఇరవై నాలుగేళ్ళ పిల్ల గుర్తొస్తే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది, దాని పట్టుదల మీద కాస్త ముచ్చట కూడా. ముందు అడుగు నాదేనని ఇవాళ ఒప్పేసుకుందామన్నా, వెంటనే మాట మార్చి, కాదు తనదేనని అడ్డం తిరగడానికి అవతల ఆవిడ లేదు. అందుకే ఆ తగువుని అలాగే ఉంచుకున్నాను.