ఉత్తి నీళ్ళు చెప్పిన మాట

మా మేడమ్ గారు పోయారని ఏలూరు నుంచి వాళ్ళ తమ్ముడు గారు ఫోన్ చేసినప్పుడు నేను తాడేపల్లిగూడెంలో, మా ల్యాబ్‌లోనే ఉన్నాను. "అక్క ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయిందమ్మా" అన్నారు. ఏం చెయ్యాలో తోచక, ఒక చేతికి ఉన్న గ్లోవ్‌కి జతగా రెండో చేతికి కూడా తొడుక్కున్నాను.

ఆవిడ నాకు చదువు చెప్పిన గైడ్. తర్వాత పక్క బల్ల మనిషి. రొయ్యలు చచ్చి తేలకముందే చెరువులో తెల్లమచ్చ వైరస్‌ని పసిగట్టడం ఆవిడ పని. కంటికి ఆనని బంగారు నలుసులకి ఒక రంగు పదార్థాన్నీ, ఆ వైరస్‌నే పట్టుకునే యాంటీబాడీనీ అంటిస్తాం. నీళ్ళలో వైరస్ ఉంటే నలుసులు దాన్ని పట్టుకుని మిగులుతాయి, లేకపోతే కడిగినప్పుడు కొట్టుకుపోతాయి. మిగిలినవాటి మీద లేజర్ వేస్తే ఆ రంగు వెలుగుని కాస్త మార్చి వెనక్కి చిమ్ముతుంది. తెర మీద గీత ఒకచోట నిటారుగా లేస్తుంది. అదే రామన్ పీక్.

"బంగారానికి బొట్టు పెట్టి పంపుతున్నామమ్మా, ఎక్కడున్నా గుర్తుపట్టాలిగా" అనేవారు. జన్మలో బొట్టు పెట్టుకోని మనిషి ఆ మాట అంటే మాకు నవ్వాగేది కాదు.

ఆవిడ చాదస్తం మాత్రం భరించడం కష్టం. ఎంత పెద్దవాళ్ళు వచ్చి నిలబడ్డా, ఏ చెరువు నీళ్ళకన్నా ముందు వైరస్ లేని ఉత్తి నీళ్ళని పరీక్షించాల్సిందే. "ముందు వాటిని అడగండమ్మా. అవే అబద్ధమాడితే ఇంకెవరి మాటా నమ్మకూడదు." విసుక్కుంటూనే నేర్చుకున్నాను. ఈ రోజు నాకున్న బుద్ధంతా ఆ విసుగులోంచి వచ్చిందే.

సమాధి చేసి వచ్చాక, మండవల్లి నుంచి ఒక రొయ్యల రైతు తన చెరువు నీళ్ళ సీసాతో వచ్చాడు.

"ఏవండీ, పక్క చెరువు తెల్లమచ్చతో పోయిందండి. మాది ఇప్పుడే పట్టుబడి చేసి అమ్మేద్దామంటే రొయ్య ఎదగలేదండి. ఆగితే మొత్తం పోతుందేమోనని భయంగా ఉందండి. మేడమ్ గారి తర్వాత మీరేగా అండి."

ఆవిడ కడిగి బోర్లించిన గాజు సీసాలే తీసుకున్నాను. ముందు ఉత్తి నీళ్ళు పెట్టాను. గీత లేచింది. సరిగ్గా ఆవిడ రంగు లేచే చోటే. మళ్ళీ పెట్టాను. మళ్ళీ లేచింది. దెయ్యాల్ని నమ్మను, కానీ ఆవిడ కుర్చీ వైపు చూడకుండా ఉండలేకపోయాను.

తర్వాత అర్థమైంది. గాజుకి పాత నలుసులు అంటుకుని ఉన్నాయి. బంగారాన్ని కరిగించే ఆమ్లంతో కడగందే వదలనివి. అంతటి చాదస్తపు మనిషి చివర్లో ఉత్తి నీళ్ళతో కడిగి వదిలేశారు. ఆ ఆమ్లం సీసా ఎత్తడానికి ఆవిడ చేతుల్లో శక్తి లేకపోయి ఉంటుంది. పక్క బల్ల దగ్గరే ఉన్నాను, నాతో ఒక్క మాట చెప్పలేదు.

ఆవిడ గుర్తుగా ఒక్క సీసా అయినా అలాగే దాచుకోవాలనిపించింది. బయట ఆ రైతు నిలబడే ఉన్నాడు.

ఉన్నవన్నీ ఆమ్లంతో కడిగాను. ఉత్తి నీళ్ళు పెట్టాను. గీత ఎక్కడా లేవలేదు. ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని రైతు నీళ్ళు పెట్టాను. అదీ లేవలేదు.

"ఏమీ లేదాండి?"

"ఈ రోజుకి లేదండి. ఆగండి. వారంలో మళ్ళీ తీసుకురండి."

ఆయన దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. తెర మీద రెండు గీతలు, ఒకదాని కింద ఒకటి, చదునుగా ఉన్నాయి. మిషన్ ఆపడానికి చాలాసేపు చెయ్యి రాలేదు.